గుప్తనిధుల అన్వేషణ - పురావస్తు పరిరక్షణ

భూమిలో దాగి ఉన్న ధనం కోసమో, పాత లోహ వస్తువుల కోసమో ప్రైవేటు వ్యక్తులు జరిపే వెదుకులాటను గుప్తనిధుల అన్వేషణ అంటారు. ఐరోపా దేశాలలో మెటల్ డిటెక్టర్ (లోహాన్వేషక యంత్రం) సహాయంతో పొలాలలో పాత నాణేలను వెదకడం ఒక కాలక్షేపంగా స్థిరపడినది. తెలుగు ప్రాంతాలలో, ముఖ్యంగా రాయలసీమలో, ఈ అన్వేషణ ఎక్కువగా ధనాశతోను, మూఢ విశ్వాసాలతోను ముడిపడి, రాత్రివేళ రహస్యంగా సాగుతుంది. దీని వలన శిథిలాలయాలు, కోటలు, వీరగల్లులు, ఆదిమానవుల సమాధులు దెబ్బతింటున్నవి. సామాన్యులు పురావస్తువులను వెదకడానికి అనుమతించి దొరికినవాటిని నమోదు చేయించడం మేలా, లేక వెదుకులాటనే పూర్తిగా నిషేధించడం మేలా అన్నది ఈ విషయమై జరుగుతున్న చర్చలో ముఖ్యమైన ప్రశ్న.

పదాలు, విశ్వాసాలు

భూమిలో దాచిన ధనానికి తెలుగులో నిధి, నిక్షేపం, పాతర, లంకెబిందెలు అనే పేర్లున్నవి. గొలుసుతో కలిపిన రెండు బిందెల నిండా బంగారు నాణేలు ఉంటాయన్నది లంకెబిందెల కథలలోని ప్రధానాంశం. నిధి అన్న భావన కేవలం కథలకు పరిమితమైనది కాదు. విజయనగర కాలపు దానశాసనాలలో భూమితో పాటు సంక్రమించే ఎనిమిది హక్కులను అష్టభోగాలు అన్నారు. అవి నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. అంటే గ్రామాన్ని దానంగా పొందినవారికి ఆ నేలలోని నిధిపై కూడా హక్కు ఉండేది. దొరికిన నిధిలో రాజుకు ఎంత, కనుగొన్నవారికి ఎంత అనే నియమాలు కౌటిల్యుని అర్థశాస్త్రంలోను ఉన్నవి.

బ్యాంకులు లేని కాలంలో ధనాన్ని భూమిలో పాతిపెట్టడం వాడుకలో ఉన్న పద్ధతే. యుద్ధాలు, దండయాత్రలు, పాలెగాళ్ళ దోపిడుల భయం వలన అలా దాచినవారు తిరిగి తీసుకోలేకపోయిన సందర్భాలూ ఉన్నవి. అందుచేత పాత నాణేల కుండలు అప్పుడప్పుడు పొలాలలో, ఇళ్ళ పునాదులలో బయటపడుతుంటాయి. కాని ఆలయంలోని మూలవిరాట్టు క్రింద, నంది విగ్రహం కడుపులో, ధ్వజస్తంభం అడుగున, వీరగల్లు క్రింద తప్పనిసరిగా బంగారం ఉంటుందన్న నమ్మకానికి ఆధారం లేదు. విగ్రహ ప్రతిష్ఠ సమయంలో పీఠం క్రింద నవరత్నాలు, చిన్న లోహపు రేకులు ఉంచే ఆచారం ఉన్నది. ఈ స్వల్పమైన ఆచారమే ప్రజల ఊహలో పెద్ద నిధిగా మారినది.

అంజనం వేసి నిధిని చూపుతామనే మంత్రగాళ్ళు, నిధికి కాపలాగా భూతం ఉన్నదనే కథలు, బలి ఇవ్వాలనే మూఢనమ్మకం ఈ వ్యవహారాన్ని మరింత ప్రమాదకరం చేస్తున్నవి. 2019 జూలైలో అనంతపురం జిల్లా తనకల్లు మండలం కొర్తికోటలోని శివాలయంలో ముగ్గురు హత్యకు గురికాగా, దాని వెనుక గుప్తనిధుల వ్యవహారం ఉన్నదన్న అనుమానం వ్యక్తమైనది.

లోహాన్వేషక యంత్రం

ఈ యంత్రంలోని తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినపుడు చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రం నేలలోని లోహ వస్తువును తాకినపుడు ఆ వస్తువులో సుడి విద్యుత్తు పుడుతుంది. దాని ప్రభావాన్ని యంత్రం గుర్తించి ధ్వని చేస్తుంది. 1881లో కాల్పులకు గురైన అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు శరీరంలోని తూటాను వెదకడానికి అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఇటువంటి సాధనాన్నే ఉపయోగించినాడు, కాని ఆ ప్రయత్నం ఫలించలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో మందుపాతరలను వెదకడానికి ఈ యంత్రాలు విస్తృతంగా వాడుకలోకి వచ్చినవి. యుద్ధానంతరం అవి సామాన్యులకు అందుబాటులోకి రావడంతో ఐరోపా, అమెరికాలలో నాణేల వెదుకులాట కాలక్షేపంగా వ్యాపించినది.

యంత్రానికి కొన్ని పరిమితులున్నవి. సాధారణ యంత్రం నాణెమంత వస్తువును సుమారు 20-30 సెంటీమీటర్ల లోతు వరకే గుర్తించగలదు. కుండ పెంకులను, ఎముకలను, పూసలను, బొగ్గును అది గుర్తించదు. పురావస్తు శాస్త్రజ్ఞునికి కాలనిర్ణయంలో ఎక్కువగా తోడ్పడేవి సరిగ్గా ఇవే. అందువలన ధ్వని వినిపించిన చోట గొయ్యి త్రవ్వినవాడు లోహాన్ని తీసుకొని, చరిత్రకు పనికివచ్చే మిగిలిన ఆధారాలను మట్టితో పాటు ప్రక్కకు పారవేస్తాడు.

పురావస్తు శాస్త్రజ్ఞులు కూడా ఈ యంత్రాన్ని ఉపయోగిస్తారు. అయితే వారు నేలను గడులుగా విభజించి, పొర వెంట పొర తొలగిస్తూ, ప్రతి వస్తువు ఏ పొరలో, ఏ వస్తువుల మధ్య ఉన్నదో వ్రాసుకొంటారు. క్రింది పొర పాతది, పై పొర క్రొత్తది అన్నది ఇందులోని మూలసూత్రం. ఒకసారి గునపం దిగి పొరలు కలిసిపోతే వాటిని తిరిగి విడదీయడం ఎవరి తరమూ కాదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం

హార్స్లీ హిల్స్ (ఏనుగు మల్లమ్మ కొండ) చుట్టూ ఉన్న మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలు, వాటికి దక్షిణంగా పలమనేరు, కుప్పం వరకు వ్యాపించిన పీఠభూమి ఉమ్మడి చిత్తూరు జిల్లాకు పడమటి భాగం. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు కలిసే ఈ ప్రాంతాన్ని బాణులు, వైదుంబులు, నోళంబులు, చోళులు, విజయనగర రాజులు, పాలెగాళ్ళు, మైసూరు నవాబులు వేరువేరు కాలాలలో పాలించినారు. అందువలన ఇక్కడ చారిత్రక అవశేషాలు ఊరూరా కనిపిస్తాయి. వాటిలో ముఖ్యమైనవి మూడు రకాలు.

మొదటివి బృహత్ శిలాయుగపు సమాధులు. పలమనేరు పరిసరాలలోని ఈరలబండ, బాపనత్తం గ్రామాల వద్ద పెద్ద రాతిపలకలను నిలిపి, పైన మరొక పలకను కప్పిన సమాధులున్నవి. వీటిని ప్రజలు పాండవుల గుళ్ళు అని పిలుస్తారు. ఇటువంటి సమాధులలో సాధారణంగా లభించేవి ఎముకలు, నలుపు-ఎరుపు రంగుల మట్టిపాత్రలు, ఇనుప పనిముట్లు, పూసలు. లంకెబిందెల కోసం పలకలను పెకలించినవారికి దక్కేది పగిలిన కుండలే. చరిత్రకు మాత్రం రెండువేల ఏండ్లకు పైబడిన సమాధి ఒకటి పోయినట్లే.

రెండవవి వీరగల్లులు. పశువుల మందలను కాపాడుతూనో, యుద్ధంలోనో మరణించిన వీరుని స్మారకంగా నిలిపిన శిలలివి. పుంగనూరు, మదనపల్లె ప్రాంతాలలో వైదుంబుల కాలపు వీరగల్లులు ఎక్కువ. వైదుంబులకు, వారి శత్రువులకు మధ్య జరిగిన సోరెమడి యుద్ధాన్ని గురించి మనకు తెలిసినదంతా ఈ ప్రాంతపు వీరగల్లు శాసనాల నుండి తెలిసినదే. మదనపల్లె సమీపంలోని చిప్పిలి వైదుంబుల ముఖ్యస్థానాలలో ఒకటి. ఇక్కడి శాసనాలు తొలినాటి తెలుగు భాషా స్వరూపాన్ని తెలుసుకోవడానికి కూడా ఉపకరిస్తున్నవి. పొలం గట్టున నిలిచిన వీరగల్లును నిధికి గుర్తుగా భావించి పడద్రోస్తే శిల పగిలి, అక్షరాలు చెదరి, శాసనం చదవడానికి వీలులేకుండా పోతుంది. రాయి మిగిలినా, అది ఏ ఊరి పొలిమేరలో నిలిచి ఉండేదో తెలియకపోతే యుద్ధరంగాన్ని గుర్తించే ఆధారం పోతుంది.

మూడవవి కోటలు, ఆలయాలు. గుర్రంకొండ కోట, అక్కడి రంగిణీ మహలు, సోంపాళ్యంలోని చెన్నకేశవస్వామి ఆలయం వంటివి ప్రసిద్ధమైనవి. హైదరాలీ, టిప్పు సుల్తానుల అధీనంలో కొంతకాలం ఉన్న గుర్రంకొండ వంటి కోటలలో ఓడిపోయిన పాలకులు ధనం దాచి వెళ్ళినారన్న కథలు సహజంగానే పుట్టినవి. ప్రసిద్ధ కట్టడాలకు కొంతైనా కాపలా ఉంటుంది. పూజలు ఆగిపోయి, ఊరికి దూరంగా, గుట్టల నడుమ మిగిలిన చిన్న ఆలయాలకు ఆ రక్షణ లేదు.

తెలుగునాట పూర్వానుభవాలు

అమరావతి: నిధుల ఆశ, రాతి అవసరం కలిసి ఒక మహాస్మారకాన్ని ఎలా నాశనం చేయగలవో తెలిపే ఉదాహరణ ఇది. పద్దెనిమిదవ శతాబ్ది చివరలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుండి అమరావతికి మార్చుకొన్నపుడు, దీపాలదిన్నె అని పిలువబడే మట్టిదిబ్బను ఇటుకల కోసం, రాళ్ళ కోసం త్రవ్వించినారు. నిధి లభిస్తుందన్న ఆశ కూడా ఆ త్రవ్వకాలకు ఒక కారణమని చెబుతారు. 1797లో అక్కడకు వచ్చిన కాలిన్ మెకంజీ అది గొప్ప ప్రాచీన కట్టడమని గుర్తించినాడు. 1816లో అతడు తిరిగివచ్చి చిత్రాలు గీయించేనాటికి చాలా భాగం పోయినది. తరువాత జరిగిన త్రవ్వకాలలో లభించిన శిల్పాలు నేడు చెన్నై, లండను మ్యూజియములలో ఉన్నవి. శాతవాహనుల కాలపు మహాస్తూపం యథాతథంగా ఎలా ఉండేదన్నది ఆ చిత్రాలను, శిల్పాలను బట్టి ఊహించుకోవలసినదే.

భట్టిప్రోలు: అప్పటి గుంటూరు జిల్లాలో, ప్రస్తుత బాపట్ల జిల్లాలో ఉన్న ఈ స్తూపం పైభాగాన్ని కూడా ఇటుకల కోసం కూల్చివేసినారు. కాని 1892లో అలెగ్జాండర్ రీ జరిపిన శాస్త్రీయమైన త్రవ్వకంలో స్తూపగర్భంలోని ధాతుపేటికలు యథాస్థానంలో లభించినవి. రాతి పేటికలపైనున్న బ్రాహ్మీ లిపి శాసనాల వలన కుబీరకుడనే రాజు పేరు, దక్షిణాదిన లిపి పరిణామంలోని ఒక ముఖ్య దశ వెలుగులోకి వచ్చినవి. నిధుల వేటగాడు ఆ పేటికలలోని చిన్న బంగారు పూలను మాత్రమే తీసుకొని రాతిని వదలివేసి ఉండేవాడు. చరిత్ర దృష్టిలో నిధి ఆ రాతిపైని అక్షరాలే.

కోటిలింగాల: ఉత్సాహవంతులైన స్థానికులు చరిత్రకు ఎంత మేలు చేయగలరో చెప్పే ఉదాహరణ ఇది. అప్పటి కరీంనగర్ జిల్లాలో, ప్రస్తుత జగిత్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున ఉన్న ఈ గ్రామంలో వర్షాలకు మట్టి కొట్టుకొనిపోయినపుడు పైకి తేలిన నాణేలను స్థానికులు సేకరించినారు. అవి శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి దృష్టికి రావడంతో గోభద్ర, సామగోప, కంవాయసిరి, నారన అనే పేర్లు గల, అంతవరకు తెలియని పాలకులు వెలుగులోకి వచ్చినారు. శాతవాహన వంశస్థాపకుడైన సిముకుని నాణేలు కూడా ఇక్కడ లభించినవి. శాతవాహనుల తొలిస్థానం తెలంగాణమన్న వాదానికి ఇవి బలమైన ఆధారమైనవి. ఈ నాణేలు దొరికిన చోటు నిశ్చయంగా తెలియడం వలననే వాటికి ఇంత విలువ వచ్చినది. అవే నాణేలు ఊరు పేరు లేకుండా హైదరాబాదులోనో, ముంబయిలోనో వ్యాపారి చేతికి చేరి ఉంటే ఈ వాదానికి ఆధారం ఉండేది కాదు.

ప్రభుత్వాలు జరిపిన నిధుల త్రవ్వకాలు

నిధుల ఆశ ప్రైవేటు వ్యక్తులకే పరిమితం కాలేదు. 2012లో హైదరాబాదు నౌబత్ పహాడ్ వద్ద విద్యారణ్య పాఠశాల ఆవరణలో నిజాం కాలపు నిధి ఉన్నదన్న సమాచారంపై రాష్ట్ర పురావస్తు శాఖ త్రవ్వకాలు జరిపినది. 2013 అక్టోబరులో ఉత్తర ప్రదేశ్ లోని ఉన్నావ్ జిల్లా డౌండియా ఖేడా కోటలో వేయి టన్నుల బంగారం ఉన్నదని ఒక సాధువుకు కల వచ్చిన తరువాత భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అక్కడ త్రవ్వకం చేపట్టినది. భూగర్భంలో లోహం ఉండే అవకాశముందన్న భూగర్భ సర్వేక్షణ శాఖ నివేదికయే దీనికి కారణమని అధికారులు తెలిపినారు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితో ఒక ప్రైవేటు సంస్థ త్రవ్వకాలు ప్రారంభించగా గ్రామస్థులు ఆందోళన చేసినారు. ఈ మూడు చోట్లా ఆశించిన బంగారం లభించలేదు.

నిధిని పొందడమే లక్ష్యంగా అధికారిక త్రవ్వకం జరిగితే, రాత్రివేళ గునపం పట్టినవానికి అది ఒక సమర్థనగా మారుతుందని ఇటువంటి చర్యలను విమర్శించేవారి వాదన. ముందుగా ప్రభుత్వమే శాస్త్రీయంగా పరిశీలిస్తే దొంగ త్రవ్వకాలు ఆగుతాయన్నది సమర్థించేవారి వాదన.

చట్టాలు

భారతీయ నిక్షేపాల చట్టం, 1878: భూమిలో దాగి ఉన్న విలువగల ఏ వస్తువైనా ఈ చట్టం దృష్టిలో నిక్షేపమే. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపాన్ని కనుగొన్న వ్యక్తి అది ఏమిటో, ఎక్కడ, ఎప్పుడు దొరికినదో వ్రాతపూర్వకంగా జిల్లా కలెక్టరుకు తెలియజేసి, వస్తువును ప్రభుత్వ ఖజానాలో ఉంచాలి, లేదా తగిన హామీ ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన చేసి, నాలుగు నెలలకు తక్కువ కాకుండా, ఆరు నెలలు మించకుండా గడువు ఇచ్చి హక్కుదారులను పిలుస్తారు. నూరేండ్ల లోపల తామో, తమ పూర్వులో దాచినదని ఎవరూ నిరూపించలేకపోతే దానిని యజమాని లేనిదిగా ప్రకటిస్తారు. అటువంటి నిక్షేపంలో, వేరే ఒప్పందం లేనిపక్షంలో, కనుగొన్నవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి నాలుగింట ఒక వంతు చెందుతుంది. ప్రభుత్వం కావాలనుకొంటే లోహపు విలువకు ఐదవ వంతు కలిపి చెల్లించి దానిని స్వాధీనం చేసుకోవచ్చును. సమాచారం ఇవ్వని వ్యక్తి తన వాటాను కోల్పోవడమే గాక, ఒక సంవత్సరం వరకు జైలుశిక్షకు, జరిమానాకు గురి కావచ్చును.

ప్రాచీన కట్టడాల చట్టాలు: 1958 నాటి కేంద్ర చట్టం జాతీయ ప్రాధాన్యం గల కట్టడాలను, స్థలాలను రక్షిస్తుంది. రక్షిత ప్రదేశంలో అనుమతి లేకుండా త్రవ్వరాదు. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కట్టడాన్ని ధ్వంసం చేసినవారికి రెండేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. రాష్ట్ర ప్రాధాన్యం గల కట్టడాలకు 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం వర్తిస్తుంది.

పురావస్తువుల, కళాఖండాల చట్టం, 1972: ఇది 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోకి వచ్చినది. నూరేండ్లకు తక్కువ కాని శిల్పాలు, నాణేలు, శాసనాలు మొదలైనవి పురావస్తువులు. వ్రాతప్రతులకు ఈ పరిమితి 75 ఏండ్లు. ప్రైవేటు వ్యక్తులు వీటిని విదేశాలకు పంపడం నేరం.

ఈ చట్టాల మధ్య ఒక ఖాళీ ఉన్నది. కేంద్రం రక్షిస్తున్న కట్టడాలు దేశమంతటా 3,600 పైచిలుకు మాత్రమే. రాష్ట్రాల జాబితాలు కలిపినా, పొలాలలోని వీరగల్లులలోను, గుట్టలలోని సమాధులలోను అత్యధిక భాగం ఏ జాబితాలోనూ లేదు. అటువంటి చోట త్రవ్వినవారిపై రక్షిత కట్టడాల చట్టాన్ని ప్రయోగించడం కష్టం. మరొక ప్రక్క 1878 నాటి చట్టం ప్రధానంగా ధనం పంపకాన్ని గురించినది, దొరికిన స్థలాన్ని పరిరక్షించడాన్ని గురించినది కాదు.

ఇతర దేశాల పద్ధతులు

బ్రిటనులో 1979 చట్టం ప్రకారం రక్షిత స్థలాలలో అనుమతి లేకుండా లోహాన్వేషక యంత్రాన్ని వాడడమే నేరం. ఇతర చోట్ల భూమి యజమాని అనుమతితో వెదకవచ్చును. 1980లలో సర్రే ప్రాంతంలోని వాన్‌బరో రోమను ఆలయ స్థలాన్ని వేటగాళ్ళు కొల్లగొట్టడం పెద్ద దుమారానికి దారితీసినది. ఆ తరువాత 1996లో క్రొత్త నిధుల చట్టం వచ్చినది. 1997లో ప్రారంభమైన నమోదు పథకం క్రింద సామాన్యులు తమకు దొరికిన వస్తువులను స్థానిక అధికారికి చూపి, దొరికిన చోటును వ్రాయిస్తారు. ఇప్పటివరకు పది లక్షలకు పైగా వస్తువులు ఇలా నమోదైనవి. 2009లో స్టఫర్డ్‌షైర్‌లో ఒక అభిరుచిదారునికి దొరికిన ఆంగ్లో-శాక్సను బంగారు వస్తువుల రాశి దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. 32.85 లక్షల పౌండ్ల విలువ కట్టి, ఆ సొమ్మును కనుగొన్న వ్యక్తికి, భూమి యజమానికి సమానంగా పంచినారు.

ఆ పద్ధతి కూడా నిర్దోషమైనది కాదు. 2015లో హియర్ఫర్డ్‌షైర్‌లో దొరికిన నాణేల రాశిని ప్రకటించకుండా అమ్ముకొన్న ఇద్దరికి 2019లో దీర్ఘకాలపు జైలుశిక్ష పడినది. సుమారు 300 నాణేలు ఉండవచ్చునని అంచనా వేయగా, అప్పటికి చేజిక్కినవి 31 మాత్రమే.

వాదోపవాదాలు

నియంత్రిత అనుమతిని సమర్థించేవారు చెప్పే కారణాలు:

* నాగలి, ట్రాక్టరు తిరిగే నేలలో పై పొరలు ఎలాగూ చెదరిపోతున్నవి. అక్కడి నాణెం వెలికిరాకపోతే ఎరువుల వలన, తేమ వలన తుప్పుపట్టి నశిస్తుంది.
* పురావస్తు శాఖ సిబ్బంది ప్రతి గ్రామానికి చేరలేరు. కోటిలింగాల వంటి చోట్ల మొదట గుర్తించినవారు స్థానికులే.
* పూర్తి నిషేధం వలన దొరికిన వస్తువు బయటకు చెప్పకుండా కంసాలి మూసలోకి చేరుతుంది.

నిషేధాన్ని సమర్థించేవారు చెప్పే కారణాలు:

* ఇక్కడి అన్వేషణలో అభిరుచి కంటె ధనాశయే ఎక్కువ. యంత్రానికి అనుమతి ఇస్తే ఆలయాల ధ్వంసానికి సాధనం ఇచ్చినట్లవుతుంది.
* గ్రామస్థాయిలో వస్తువులను నమోదు చేసే అధికారులు లేనపుడు బ్రిటను పద్ధతి పేరుకు మాత్రమే మిగులుతుంది.
* దొంగ పురావస్తువులకు విదేశాలలో గిరాకీ ఉన్నది. ప్రకాశం జిల్లా చందవరం నుండి 2001లో చోరీ అయిన బౌద్ధ శిల్పఫలకం ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరి, 2016లో గాని తిరిగి రాలేదు.

ఈ రెండు పక్షాలు అంగీకరించే విషయం ఒకటి ఉన్నది. వస్తువు విలువలో పెద్ద భాగం అది దొరికిన చోటులోనే ఉన్నది. కాబట్టి ఊరి వీరగల్లులను, సమాధులను, శిథిలాలయాలను ముందుగా ఛాయాచిత్రాలతో నమోదు చేయడం ఏ చట్టం మారకుండానే చేయదగిన పని. ఇందుకోసం 2007లో కేంద్ర ప్రభుత్వం కట్టడాల, పురావస్తువుల జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించినది. పాఠశాలలు, కళాశాలలు, స్థానిక చరిత్ర ప్రియులు ఈ పనికి తోడ్పడగలరు.

పురావస్తువు కంటబడినపుడు చేయవలసినవి

* దున్నుతున్నపుడు, బావి లేదా పునాది త్రవ్వుతున్నపుడు నాణేలు, విగ్రహాలు, శాసనాలు కనబడితే అక్కడ పని ఆపివేయాలి.
* వస్తువును కడగడం, తోమడం, చింతపండుతో గాని ఆమ్లంతో గాని శుభ్రపరచడం చేయరాదు. దానిపై గల మట్టి కూడా ఆధారమే.
* దొరికిన లోతు, ప్రక్కన ఉన్న కుండ పెంకులు, ఎముకలు మొదలైనవాటిని కదపకుండా ఛాయాచిత్రం తీయాలి.
* గ్రామ రెవెన్యూ అధికారికి, తహశీల్దారుకు తెలిపి, వారి ద్వారా జిల్లా కలెక్టరుకు వ్రాతపూర్వకంగా సమాచారం ఇవ్వాలి. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోవాలి. చట్టప్రకారం వాటా పొందడానికి ఈ సమాచారమే ఆధారం.
* రాత్రివేళ శిథిలాలయాల వద్ద, గుట్టలపై త్రవ్వకాలు జరుగుతున్నట్లు తెలిస్తే పోలీసులకు తెలియజేయాలి.